రెండుసార్లు నొక్కే వేలు

వేదవతికి ఆ ఉద్యోగం కంప్యూటరు రాదన్న కారణంగానే వచ్చింది.

నారాయణగూడలో ఒక మందుల దుకాణం పైన, రెండో అంతస్తులో వీరరాఘవరావుగారి ఆఫీసు ఉండేది. ఎవరైనా ఒక పరీక్ష పెడుతున్నారంటే, అభ్యర్థులు ఇంటర్నెట్లో పేరూ, పుట్టిన తేదీ, చదువూ నింపి, ఫోటో జతచేసి పంపే దరఖాస్తు పేజీ కావాలి కదా. అలాంటి పేజీలు తయారుచేసి ఇవ్వడం ఆయన పని. తయారుచేసే ఉద్యోగులు ఎనిమిదిమంది. వాళ్ళు చేసింది వాళ్ళే నింపి చూసుకుంటే ఏనాడూ ఏ లోపమూ కనపడేది కాదు. పేజీ బయటికి వెళ్ళిన రోజున మాత్రం ఫోన్లు మొదలయ్యేవి. ఇంజనీర్లు నింపి చూసినంతకాలం ఇది ఇంతేనని రావుగారికి అర్థమై, కంప్యూటరు రాని మనిషి కోసం వెతకడం మొదలుపెట్టారు. కంప్యూటరు వచ్చినవాళ్ళు వీధికి పదిమంది దొరికారు. రానివాళ్ళు మాత్రం ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోరు.

అదే రోజుల్లో, 2010 ఫిబ్రవరిలో, చిక్కడపల్లిలో ఆయన ఉండే వీధిలోనే వేదవతి భర్త పోయాడు. ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. మధ్యాహ్నం మూడింటికి టీ తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, కుర్చీలోనే పక్కకు ఒరిగిపోయాడు. నెలరోజులైన తరువాత రావుగారు పరామర్శకు వచ్చారు. మాట్లాడవలసిన నాలుగు మాటలూ అయిపోయాక మూలనున్న కంప్యూటరు ఆయన కంట పడింది.

"మీకు కంప్యూటరు వచ్చా అమ్మా?"

"రాదండీ. అమ్మాయి కోసం కొన్నారు. తెరవడం, మూయడం మావారు చూపించారు."

"మంచిది. ఎంతవరకు చదువుకున్నారు?"

"తొమ్మిది. పదో తరగతి పరీక్ష రాయలేదు."

"ఇంకా మంచిది" అన్నారాయన.

అది ఇంటర్వ్యూ అని వేదవతికి వారం తరువాత గాని తెలియలేదు.

రోజు లెక్కన ఇచ్చే జీతం పెద్దదేమీ కాదు, దాని కోసమని ఆమె ఒప్పుకోనూ లేదు. భర్త పింఛను వస్తోంది. కూతురు సింధూర డిగ్రీలో చేరి పొద్దున్నే వెళ్ళిపోతోంది. వేదవతికి కావలసింది పది నుంచి అయిదు దాకా ఇంట్లో లేకుండా ఉండడం. ఇంట్లో ఉంటే మూడు గంటలు కొట్టేది. ఆఫీసులోనూ మూడు గంటలు కొట్టేది గాని, అప్పటికి ఏదో ఒక గడి నింపుతూ ఉండేది కాబట్టి దాటిపోయేది.

పని ఇది. ఒక కాగితం మీద అరవై నాలుగు మెట్లు రాసి ఇచ్చారు. మౌసు ఫలానా చోటికి జరపాలి, నొక్కాలి, పేరు కొట్టాలి, పక్కగడికి వెళ్ళాలి, జిల్లా ఎంచుకోవాలి, ఫోటోని లాక్కొచ్చి పెట్టెలో పడెయ్యాలి. ప్రతి మెట్టుకీ ఎదురుగా అయిందో కాలేదో రాయాలి. దరఖాస్తుకో మనిషి కావాలి కాబట్టి మనుషుల్ని ఆమే పుట్టించేది. రెండేళ్ళలో ఇంచుమించు ఆరువందల మందికి ఇంటిపేర్లు పెట్టింది, పుట్టినరోజులిచ్చింది, కొందరిని డిగ్రీ తప్పించింది కూడా. తండ్రి పేరు గడిలో ఎవరో ఒకరిని రాసేసేది. భర్త పేరు అన్న గడి వచ్చినప్పుడు మాత్రం చెయ్యి ఆగేది. ఒకసారి చాలాసేపే ఆగింది. ఈలోగా పేజీ తనంతట తాను మూసుకుపోయి, నింపిందంతా పోయింది. దాన్నీ ఆమె కాగితం మీద రాసింది. అభ్యర్థి ఆలోచించుకోవడానికి పదిహేను నిమిషాలు చాలవని రావుగారు ఒప్పుకుని ముప్పై చేయించారు. ఆ సంవత్సరం దొరికిన పెద్ద లోపాల్లో అదొకటి.

ఈ రెండేళ్ళలో వేదవతికి కంప్యూటరు కొంత వచ్చేసింది. అది ఆమె ఉద్యోగానికి మంచిది కాదని ఎవరూ చెప్పలేదు.

2012 జూన్‌లో జగదీశ్వర్ వచ్చాడు. సిద్దిపేట దగ్గరి మనిషి, ముప్పై దాటాయి. అశోక్‌నగర్ హాస్టల్లో ఆరేళ్ళుండి గ్రూపు పరీక్షలు మూడుసార్లు రాశాడు. మూడోసారి కూడా ఉద్యోగం రాకపోయేసరికి పుస్తకాలు గదిలోని చిన్నవాళ్ళకిచ్చి, అమీర్‌పేట వెళ్ళి టెస్టింగ్ నేర్చుకున్నాడు. చేత్తో చేసే మౌసు పనీ, కీబోర్డు పనీ ప్రోగ్రాం రాసి దానిచేత చేయించడం అతని విద్య. రావుగారు అతన్ని తెచ్చి వేదవతి పక్క కుర్చీలో కూర్చోబెట్టి, "అమ్మ చేసేదంతా రాసుకో" అన్నారు.

"ఏమనుకోకుండ్రి అక్కా. మీరు చేసుకుంట చెప్తా ఉండుండ్రి, నేను రాసుకుంటా."

ఆమె చెబుతూ చేసింది. ఇక్కడికి జరుపుతాను, నొక్కుతాను, పేరు కొడతాను. ఇక్కడ కళ్ళజోడు సవరించుకుంటాను.

"అది రాయ అక్కా."

"ఎందుకని? నేను రోజూ సవరించుకుంటాను కదా."

"మిషన్‌కు కళ్ళజోడు లేదు."

"సరే. ఇక్కడ పేర్లు రాసుకున్న నోటుపుస్తకం తిప్పి చూస్తాను, పేరు దాన్లో ఉన్నట్టే ఉందో లేదోనని."

"అది గూడ రాయ."

"మరి ఏం రాస్తావు బాబూ?"

"నొక్కుడు, జరుపుడు, కొట్టుడు, గుంజుడు. గా నాలుగే."

తాను రోజంతా చేసేది నాలుగే పనులని వేదవతికి అంతవరకు తెలియదు.

పదిరోజుల్లో ప్రోగ్రాం తయారైంది. దాన్ని మొదటిసారి నడిపినప్పుడు ఆఫీసంతా వచ్చి వెనక నిలబడింది. బాణం గుర్తు పరుగులు తీస్తుందని వేదవతి అనుకుంది. బాణం గుర్తు తెర మూలన ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. గళ్ళు మాత్రం వాటంతట అవే నిండుతున్నాయి. ఎవరూ తాకకుండానే జిల్లాల పట్టీ తెరుచుకుంది, మెదక్ అయింది, మూసుకుంది. ఫోటో పెట్టెలో పడింది. భర్త పేరు గడి దగ్గర అది ఎంతమాత్రం ఆగలేదు. అరవై నాలుగు మెట్లూ నలభై ఒక్క సెకన్లలో అయిపోయాయి. వేదవతికి పంతొమ్మిది నిమిషాలు పట్టేది.

అటెండరు రామచంద్రయ్య టీ కెటిలు పట్టుకుని అదంతా చూశాడు.

"దీనికి ఛాయ్ గూడ వద్దా?" అని అడిగాడు.

"వద్దు పెద్దన్నా."

"గట్లయితే నాక్కూడ పరేషానే" అని కెటిలు తీసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం రావుగారు వేదవతిని పిలిచారు. ఎదురుగా ఉన్న కుర్చీ చూపించి కూర్చోమన్నారు. అంతకుముందు ఎప్పుడూ కూర్చోమనలేదు.

"జూలై ఆఖరుదాకా మీరూ చెయ్యండి, మిషనూ చేస్తుంది. రెండూ ఒకేలాగ వస్తున్నాయని తేలితే ఇక మీరు శ్రమ పడక్కర్లేదమ్మా."

ఇక శ్రమ ఉండదన్న మాట వేదవతి రెండేళ్ళ కింద కూడా విన్నది. ఇంటికి వచ్చినవాళ్ళు ఆమె భర్త గురించి అన్నారు. "అలాగేనండి" అని లేచి వచ్చేసింది.

ఆ నెలలో చూడవలసిన పేజీ ఒక కోచింగ్ సెంటరువాళ్ళది. గ్రూపు పరీక్షలకు చదివేవాళ్ళకు అసలు పరీక్షకు ముందు నమూనా పరీక్ష పెడతారట. ఆగస్టు మొదటివారంలో పేజీ తెరవాలి. వేదవతి చేసింది, మిషనూ చేసింది. మొదటిరోజే తేడా వచ్చింది. మిషను ఇరవై మందికి దరఖాస్తు పెడితే ఇరవై హాల్‌టికెట్లు వచ్చాయి. వేదవతి ఆరుగురికి పెడితే పన్నెండు వచ్చాయి. మనిషికి రెండు నంబర్లు, పరీక్ష గదిలో రెండు కుర్చీలు. రెండోరోజూ అంతే, మూడోరోజూ అంతే. వేదవతికి లోలోపల కాస్త ఊరటగా అనిపించింది. రెండూ ఒకేలా రావడం లేదు కాబట్టి ఆమె రావలసే ఉంటుంది.

నాలుగోరోజు జగదీశ్వర్ వచ్చి వెనక నిలబడి, ఆమె చెయ్యి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అక్కా, ఏది నొక్కినా రెండుసార్లు నొక్కుతున్నరేంది?"

"అలాగే కదా నొక్కాలి."

"ఎవరు చెప్పిన్రు?"

"మావారు."

జగదీశ్వర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాసేపు కీబోర్డు మీద దుమ్ము తుడిచాడు.

"సారు మంచిగనే చెప్పిండు. తెర మీద బొమ్మలు ఉంటయి చూడుండ్రి, వాటికి రెండుసార్లే నొక్కాలె. పేజీ లోపట మాత్రం ఒక్కసారే. రెండుసార్లు నొక్కితే సబ్మిట్ రెండుసార్లు పోతది."

ఆమె భర్తకు ఆఫీసులో రెండురోజులు శిక్షణ ఇచ్చారు. రెండోరోజు ఆయనకు జ్వరం వచ్చి వెళ్ళలేదు. మొదటిరోజు బొమ్మలు తెరవడం నేర్పారు. ఆయన నేర్చుకున్నదంతా ఇంటికి వచ్చి భార్యకు నేర్పాడు. ఆమె చేతి మీద తన చెయ్యి వేసి, "టక్ టక్. రెండుసార్లు. ఒక్కసారి అయితే దానికి వినపడదు" అన్నాడు. పదేళ్ళయింది. రెండేళ్ళుగా ఆమె నింపినవన్నీ రెండేసి సార్లు నొక్కినవే. పాత పేజీలు ఎలాగో ఊరుకున్నాయి. ఈ కొత్త పేజీ మాత్రం ఊరుకోలేదు.

రావుగారికి సంగతి తెలిసింది. "పేజీలో తప్పు లేదన్నమాట. అమ్మ చేతిలో ఉంది" అని తేల్చారు.

వేదవతి ఒక్కసారి నొక్కడం సాధన చేసింది. వేలు మాట వినేది కాదు. ఒకటి నొక్కి ఆగుదామనుకునేలోపు రెండోది దానంతట అదే పడిపోయేది. ఎడమచేత్తో కుడిచేతి వేలు పట్టుకుని నొక్కింది. సగం రోజు అలా గడిచింది. భర్త నేర్పింది తప్పని ఆమె ఆ రోజు నూటయాభై సార్లు ఒప్పుకోవలసి వచ్చింది. మూడోరోజుకి వేలు లొంగింది. ఆరుగురికి ఆరు హాల్‌టికెట్లు వచ్చాయి. మిషనుకీ ఆమెకీ తేడా లేదు. శుక్రవారం, ఇరవై ఏడో తారీఖు, ఆమె కాగితం మీద అరవై నాలుగు మెట్లకూ ఎదురుగా 'అయింది' అని రాసి సంతకం పెట్టి రావుగారి బల్ల మీద పెట్టింది. కావాలంటే ఇంకొకసారి రెండు నొక్కి, నాలుగు రోజులు లాగవచ్చు. ఆ ఆలోచన రాకపోలేదు. కాని తప్పు తన చేతిదని తెలిశాక దాన్ని పేజీ మీద వేసి రాయడానికి కలం కదల్లేదు.

ఆదివారం నాడు సింధూర మార్కుల మెమో జిరాక్సు తీయించడానికి వేదవతి అశోక్‌నగర్ వెళ్ళింది. లైబ్రరీకి అవతల సందులో బుగ్గయ్య నెట్ సెంటరు ఉంది. తొమ్మిది కంప్యూటర్లు, రెండు జిరాక్సు మిషన్లు, గోడ నిండా నోటిఫికేషన్ల కాగితాలు. ఏదో కొలువుకు ఆఖరి తేదీ దగ్గరపడినట్టుంది, హాస్టళ్ళ నుంచి వచ్చిన అబ్బాయిలు, అమ్మాయిలు వరసలో నిలబడ్డారు. జిరాక్సు దగ్గర కూడా వరసే. వేదవతి ఒక ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, వేరే పని లేక, దగ్గరలో ఉన్న అబ్బాయి చెయ్యి చూసింది.

టక్ టక్.

పక్క అమ్మాయి చెయ్యి చూసింది. టక్ టక్. ఆ పక్కతను మూడుసార్లు కొట్టి, తెర మారకపోతే ఇంకోటి కొట్టాడు.

వేదవతి చేతిసంచిలో నుంచి కాగితం తీసి గీతలు గీయడం మొదలుపెట్టింది. జిరాక్సు వంతు వచ్చింది, దాటిపోయింది. గంటన్నర అలాగే కూర్చుంది. చివరికి బుగ్గయ్య వచ్చాడు.

"ఏందమ్మా లెక్కబెడుతున్నవ్? సర్కారు తరఫున వచ్చినవా?"

"కాదు అన్నా. వేళ్ళు లెక్కపెడుతున్నాను."

బుగ్గయ్య తన సెంటరు వైపు ఒకసారి చూసుకున్నాడు.

"అందరికీ పదే ఉంటయి కదా."

"ఎన్నిసార్లు నొక్కుతున్నారో చూస్తున్నాను. ఇక్కడ అందరూ రెండుసార్లు నొక్కుతున్నారేం?"

"నొక్తరు మరి. ఊళ్ళె మోటరు స్విచ్చి ఒక్కసారి ఏస్తే నడుస్తదా? నాలుగుసార్లు ఏస్తరు. ఈడికొచ్చినంక రెండుసార్లన్న నొక్కకపోతే పోయిందని నమ్మకం ఉండదు. నేను చెప్పి చెప్పి ఊకున్న. ఒక్కసారి నొక్కురా అంటే, ఫీజు నేను కట్టిన, నా ఇష్టం అంటడు."

"మరి తప్పు కాదా?"

"నాకేం తప్పు? ప్రింటు రెండు తీసుకుంటరు" అని బుగ్గయ్య గల్లా దగ్గరికి పోయాడు.

సాయంత్రానికి యాభై మూడుమంది అయ్యారు. ఒక్కసారి నొక్కినవాళ్ళు తొమ్మిదిమంది. రెండుసార్లు నొక్కినవాళ్ళు ముప్పై ఎనిమిది. మూడు, అంతకుమించి నొక్కినవాళ్ళు ఆరుగురు. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చింది. మెమో జిరాక్సు తీయించలేదని సింధూర అడిగితే గుర్తుకొచ్చింది.

సోమవారం పొద్దున కాగితాన్ని జగదీశ్వర్ ముందు పెట్టింది. అతను చదివి, తల గోక్కున్నాడు.

"ఏ సెంటరు అక్కా?"

"బుగ్గయ్యది."

"ఆడ నేను ఆరేండ్లు దరఖాస్తులు పెట్టిన. నేను గూడ గట్లనే నొక్కెటోన్ని" అన్నాడు మెల్లగా. "అమీర్‌పేటల మాన్పించిన్రు."

అతను ప్రోగ్రాం తెరిచి, ఒకసారి నొక్కు అని ఉన్న చోటల్లా రెండుసార్లు నొక్కు అని మార్చాడు. అలా మార్చడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. నడిపాడు. ఇరవై మందికి నలభై హాల్‌టికెట్లు వచ్చాయి. ఇంకోసారి నడిపాడు. ఇంకో నలభై.

ఇద్దరూ రావుగారి గదిలోకి వెళ్ళారు. ఆయన వేదవతి కాగితం చూశారు, హాల్‌టికెట్ల కట్ట చూశారు, మళ్ళీ కాగితం చూశారు.

"వారంలో తెరవబోయే పేజీ ఇది. పదివేలమంది పెడితే?"

"పందొమ్మిదివేల కుర్చీలు వెయ్యాలె సార్" అన్నాడు జగదీశ్వర్.

"మరి నీ మిషను ఎందుకు పట్టుకోలేదయ్యా?"

"దానికి నేను ఒక్కసారి నొక్కుమన్న సార్. ఎట్ల నొక్కాల్నో నాకు తెలుసు కాబట్టి."

రావుగారు కుర్చీలో వెనక్కి వాలారు. తరువాత చాలా మర్యాదగా అడిగారు.

"ఇప్పుడు రెండుసార్లు నొక్కమని రాశావు కదా. అంటే దానికి అది కూడా వచ్చేసింది. ఇక అమ్మతో పనేముంది?"

జగదీశ్వర్ హాల్‌టికెట్ల కట్ట సర్దాడు. దానికి జవాబు చెప్పవలసినవాడు అతను కాదు.

వేదవతి ఆ గదిలో ఎప్పుడూ అడిగినదానికి జవాబు చెప్పడమే గాని, తనంతట తాను మాట్లాడింది లేదు. ఇప్పుడూ ఎక్కువేమీ మాట్లాడలేదు.

"రెండు నొక్కేవాళ్ళ సంగతి అయిపోయిందండి. మూడు నొక్కినవాళ్ళు ఆరుగురున్నారు. వాళ్ళకేమవుతుందో ఇంకా చూడలేదు."

"ఏమవుతుంది?"

"చూస్తే గాని తెలియదండి."

"చూడండి" అన్నారు రావుగారు.

ఆ మధ్యాహ్నానికి తయారుచేసేవాళ్ళు పేజీ బాగుచేసి ఇచ్చారు. రెండోసారి నొక్కినా మొదటి నంబరే వస్తుంది. జగదీశ్వర్ మిషనుతో రెండుసార్లు నొక్కించి చూశాడు. ఇరవై మందికి ఇరవై. అందరూ బాగుందన్నారు. మంగళవారం, ముప్పై ఒకటో తారీఖున, వేదవతి కూర్చుని ఒక మనిషిని పుట్టించింది. ఇంటిపేరు, పేరు, నల్గొండ జిల్లా, డిగ్రీ రెండో తరగతి. కళ్ళజోడు సవరించుకుంది. సబ్మిట్ మీద మూడుసార్లు నొక్కింది.

పేజీ ఎర్రబడింది. ఒకే పేరుతో మాటిమాటికీ దరఖాస్తు వస్తోందనీ, ఎవరో కావాలని చేస్తున్నారనీ అనుమానించి, అరగంట దాకా మళ్ళీ రావద్దని రాసింది. అంతకు మించి నొక్కితే ఏమవుతుందో చూద్దామని, అరగంట ఆగి, నాలుగుసార్లు నొక్కింది. ఈసారి ఆఫీసులో ఎవరికీ పేజీ తెరుచుకోలేదు. పక్కగదిలో నుంచి ఎవరో, "ఏమైంది, ఏమైంది" అని లేచి వచ్చారు.

"నెట్ సెంటరులో ఒకడు నాలుగు నొక్కితే పక్కన ఉన్న ఎనిమిది మందికీ బందైతది" అన్నాడు జగదీశ్వర్. అందరూ ఒకే తీగ మీద వస్తారు కాబట్టి పేజీ అందరినీ ఒక్కడే అనుకుంటుందని విడమరిచి చెప్పాడు. తరువాత వేదవతి వైపు తిరిగి, "అక్కా, ఇది నాకు జన్మల తట్టేది కాదు" అన్నాడు.

వేదవతి కాగితం మీద అరవై అయిదో మెట్టు, అరవై ఆరో మెట్టు రాసి, రెంటికీ ఎదురుగా 'కాలేదు' అని రాసి సంతకం పెట్టింది. రావుగారి గదికి వెళ్తే ఆయన ఫోనులో ఉన్నారు. కాగితం అందుకుని, చదివి, కళ్ళు మూసుకుని, ఫోనులో అవతలివాళ్ళతో మూడురోజులు గడువు అడిగారు. వేదవతి వైపు చూసి తల ఊపారు. ఆ ఊపడం వెళ్ళిరమ్మనో, వెళ్ళిపొమ్మనో ఆమెకు తెలియలేదు. అడిగితే చెప్పేవారేమో. ఆమె అడగలేదు. అయిదు దాటింది. సొరుగులోని కళ్ళజోడు పెట్టె, టిఫిను డబ్బా, ఆరువందల మంది పేర్లు రాసుకున్న నోటుపుస్తకం సంచిలో వేసుకుని ఇంటికి వెళ్ళింది.

మర్నాడు బుధవారం. ఆగస్టు ఒకటి. రమ్మని ఎవరూ చెప్పలేదు. రావద్దని కూడా ఎవరూ చెప్పలేదు. సింధూర కాలేజీకి వెళ్ళిపోయాక వేదవతి గుమ్మంలో కాసేపు నిలబడి, తాళం వేసి, రోజూ వెళ్ళే దారినే నారాయణగూడ వెళ్ళింది. మెట్లెక్కేసరికి రామచంద్రయ్య కొత్త నెల హాజరు పట్టీ గీసి, బల్ల మీద పెట్టి, పేర్లు రాస్తున్నాడు. తొమ్మిది పేర్లు రాశాడు. పదో గడి దగ్గర కలం ఆపి, చెవి మీద పెట్టుకుని తల ఎత్తాడు.

"సారు నిన్న పొద్దుమూకినంక పిలిచి చెప్పిండమ్మా, మీ పేరు ఎట్ల రాయాల్నో అడిగి రాయుమన్నడు. అదివరకు రోజుకూలి లెక్కల ఉంటిరి గద. ఇగ నెలజీతం, పట్టీల ఇంటిపేరు గూడ ఉండాలెనంట."

వేదవతి సంచి భుజం మీది నుంచి దించింది. భర్త ఇంటిపేరు చెప్పి, అక్షరం అక్షరం పలికింది. రామచంద్రయ్య తీరిగ్గా రాశాడు.

"ఆడ సంతకం చెయ్యుండ్రి. పది అయితున్నది."

ఆమె సంతకం చేసి, లోపలికి వెళ్ళి, కంప్యూటరు తెరిచింది.